లాసెట్‌కు వారమే ఉందా? ఏం తిరగేయాలి, ఏం వదిలేయాలి, టెన్షన్‌ను ఎలా దారికి తెచ్చుకోవాలి

హాల్‌టికెట్లు డౌన్‌లోడ్ చేసుకునే రోజులు వచ్చాయంటే చాలు, నాకు అవే మూడు ప్రశ్నలు వస్తుంటాయి. "సిలబస్ సగమే అయింది, ఇప్పుడేం చదవను?" "చదివిందంతా మర్చిపోయినట్టుంది." "రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు." అడిగేవాళ్లలో ఇంటర్ అయిపోయి ఐదేళ్ల లా కోర్సు కోసం రాస్తున్న పిల్లలుంటారు. డిగ్రీ ఎప్పుడో ముగించి, ఉద్యోగం చేసుకుంటూ, ఇప్పుడు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ మీద మనసు పడిన నలభై దాటినవాళ్లూ ఉంటారు. లా కాలేజీల్లో చేరడానికి రాసే లాసెట్‌కు పై వయోపరిమితి లేదు కదా. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు నా కథ ఒకటి. నేను రాసిన ఏడాది, పరీక్ష ముందు రోజు సాయంత్రం, ఎవరో చెప్పారని కొత్త బిట్ బ్యాంక్ ఒకటి కొన్నాను. రాత్రి రెండింటి దాకా దాన్నే తిప్పాను. మర్నాడు హాల్లో, ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసిన సవరణ ఏదని అడిగారు. నిద్రలో లేపి అడిగినా చెప్పే జవాబు అది. 42 పెట్టాను. మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది, 44 అని. ఆ బిట్ బ్యాంక్‌లోంచి మాత్రం ఒక్క ప్రశ్నా రాలేదు. చివరి వారంలో కొత్త మార్కుల వెంట పడటం కంటే చేతిలో ఉన్నవి జారిపోకుండా పట్టుకోవడం లాభమని ఆ రోజు తెలిసింది. కింద చెప్పేదంతా ఆ లెక్కమీదే ఉంటుంది.

పరీక్ష రూపం ఒకసారి గుర్తు చేసుకుందాం. లాసెట్ కంప్యూటర్ మీద రాసే పరీక్ష. 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు. పార్ట్ ఏ జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ 30. పార్ట్ బి కరెంట్ అఫైర్స్ 30. పార్ట్ సి న్యాయశాస్త్ర అధ్యయన అభిరుచి 60. నెగెటివ్ మార్కులు లేవు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు కావాలి; ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ కనీస మార్కుల నిబంధన లేదు. "ఫెయిలవుతానేమో" అన్న భయం మీ టెన్షన్‌లో పెద్ద భాగమైతే ఆ 42ను ఇంకోసారి చూడండి. అది దాటడం అంత కష్టం కాదు. మంచి కాలేజీలో సీటు మాత్రం ర్యాంకును బట్టే వస్తుంది. మన కష్టమంతా దాని కోసమే.

కావాల్సినవి

గత ఏడాది, అంతకు ముందు ఏడాది పేపర్లు, కీ తో సహా. మీరు ఇన్నాళ్లూ చదివిన నోట్స్ లేదా పుస్తకం, ఒక్కటే. ఖాళీ తెల్లకాగితాలు ఓ ఇరవై. టైమర్. మౌస్ ఉన్న కంప్యూటర్, ఇంట్లో లేకపోతే నెట్ సెంటర్‌లో రెండు గంటలు. హాల్‌టికెట్ రెండు కాపీలు, ఒరిజినల్ ఫొటో గుర్తింపు కార్డు. అంతే.

1. మొదటి రోజు చదవకండి, పరీక్ష రాయండి

వారం ఉందనగా మొదటి పని పుస్తకం తెరవడం అనుకుంటారు. వద్దు. పాత పేపర్ ఒకటి తీసుకుని, 90 నిమిషాలు టైమర్ పెట్టుకుని, మధ్యలో లేవకుండా రాయండి. తర్వాత కీ చూసి, పోయిన ప్రతి మార్కు పక్కన మూడింట్లో ఒక అక్షరం వేయండి.

"తె": అసలు తెలియని ప్రశ్న.
"జా": తెలిసీ జారవిడిచినది. 'కానిది ఏది' అని అడిగితే 'అయినది' పెట్టడం, రెండు సంవత్సరాలు తారుమారు చేయడం లాంటివి.
"టై": టైం చాలక ముట్టుకోనిది.

ఉదాహరణకు మీకు 70 వచ్చాయనుకోండి. పోయిన 50లో 25 "తె", 15 "జా", 10 "టై" అని తేలింది. వారంలో ఆ 25 మొత్తం నేర్చుకోవడం జరిగే పని కాదు. "జా", "టై" కలిపిన ఇంకో 25 మాత్రం మీ చేతిలోనే ఉన్నాయి. వాటిలో సగం వెనక్కి తెచ్చుకున్నా 82 అవుతుంది.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. "అయ్యో, ఇది నాకు తెలుసుగా" అని తప్పు జవాబుకు కూడా మార్కు వేసేసుకుంటారు. తెలిసి ఉండి పోగొట్టుకోవడమే మనం వెతుకుతున్న జబ్బు. దాన్ని దాచుకుంటే వారం వృథా.

2. వదిలేయాల్సినవి రాసి గోడకు అంటించండి

కొత్త పుస్తకం. కొత్త వీడియో సిరీస్. "ఇవి చదివితే గ్యారంటీ" అనే పీడీఎఫ్‌లు. పేపర్ లీకైందట అనే మెసేజ్‌లు వచ్చే వాట్సాప్ గ్రూపులు. బయటికి రావక్కర్లేదు, వారం రోజులు మ్యూట్ చేయండి చాలు. ఇప్పటిదాకా ముట్టుకోని ఒకటో రెండో అధ్యాయాల పేర్లు కూడా ఆ కాగితం మీద రాసేయండి. రాసి వదిలేస్తే మనసు ఊరుకుంటుంది. రాయకపోతే, చదువుతున్నంతసేపూ "అది చూడలేదు, ఇది చూడలేదు" అని గుచ్చుతూనే ఉంటుంది.

3. పార్ట్ సి: చూసి చదవడం ఆపండి, చూడకుండా రాయండి

వారంలో సగం సమయం దీనికే ఇవ్వండి, పేపర్లో సగం ఇదే కాబట్టి. ఒక అంశం పేరు తెల్లకాగితం పైన రాయండి. పుస్తకం మూసి, పది నిమిషాల్లో గుర్తున్నదంతా రాయండి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవీ తప్పు రాసినవీ ఎర్ర పెన్నుతో దిద్దండి. మర్నాడు మళ్లీ కొత్త కాగితం మీద. ఎర్ర గుర్తులు తగ్గుతుంటే రివిజన్ పని చేస్తున్నట్టు. నోట్స్ మూడుసార్లు చదివి "అన్నీ తెలిసినవే" అనుకోవడం మోసం. కళ్లకు పరిచయమైనంత మాత్రాన చేతికి రాదు.

ఐదు కాగితాలు చాలు.

మొదటిది ఆర్టికల్స్. 14, 19, 21, 21ఎ, 32, 39ఎ, 40, 44, 50, 51ఎ, 226, 300ఎ, 368. ఒక్కోదాని పక్కన ఒక్క వాక్యం. 32, 226 దగ్గర ఎక్కువమంది కాలు జారతారు. 32 కింద సుప్రీంకోర్టు రిట్ (హక్కుల అమలుకు కోర్టు ఇచ్చే ఆదేశం) ఇచ్చేది ప్రాథమిక హక్కుల కోసం. 226 కింద హైకోర్టు ప్రాథమిక హక్కులకే కాక ఇతర హక్కుల అమలుకూ ఇవ్వగలదు. కాబట్టి "దేని పరిధి విశాలం?" అంటే 226. సుప్రీంకోర్టు పెద్దది కదా అని 32 పెట్టేస్తారు.

రెండోది సవరణలు. 42 (1976) పీఠికలో సామ్యవాద, లౌకిక, సమగ్రత అనే మాటలు చేర్చింది. 44 (1978) ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసేసింది. 52 (1985) ఫిరాయింపుల నిరోధం, పదో షెడ్యూల్. 61 ఓటు వయసును 21 నుంచి 18కి దించింది. 73, 74 పంచాయతీలు, మున్సిపాలిటీలు. 86 (2002) విద్యాహక్కు. 101 (2016) జీఎస్టీ. 103 (2019) ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్. 106 (2023) చట్టసభల్లో మహిళా రిజర్వేషన్. ఈ పదీ తడబడకుండా వస్తే, మిగిలిన సవరణల జోలికి ఈ వారం వెళ్లకండి.

మూడోది కేసులు. పేరు, ఏడాది, ఒక్క ముక్క. గోలక్‌నాథ్ 1967: పార్లమెంటు ప్రాథమిక హక్కులను తీసేయలేదు. కేశవానంద భారతి 1973: సవరించవచ్చు గానీ మౌలిక స్వరూపాన్ని ముట్టుకోకూడదు, 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం, 7-6 తీర్పు. మేనకా గాంధీ 1978: 21వ ఆర్టికల్‌లోని ప్రక్రియ న్యాయంగా, సహేతుకంగా ఉండాలి. బొమ్మై 1994: రాష్ట్రపతి పాలన. విశాఖ 1997: పని చేసే చోట లైంగిక వేధింపులు. పుట్టస్వామి 2017: గోప్యత హక్కు. కేసు మొత్తం కథ చదువుతూ కూర్చోకండి, దానికి లా కాలేజీలో బోలెడు టైం ఉంటుంది.

నాలుగోది కాంట్రాక్ట్, టార్ట్ (నష్టపరిహారం కోరగల సివిల్ తప్పిదాలు), లాటిన్ సూత్రాలు. మైనర్‌తో ఒప్పందం మొదటి నుంచీ చెల్లదు: మొహరీ బీబీ, 1903. ప్రమాదకరమైన వస్తువు తప్పించుకుని నష్టం చేస్తే కఠిన బాధ్యత: రైలాండ్స్, 1868. మినహాయింపులే లేని సంపూర్ణ బాధ్యత: ఎం.సి. మెహతా, 1987, ఓలియం గ్యాస్ లీకు కేసు. ఇక ప్రతి ఏడాదీ జనాన్ని ముంచే జంట 'డామ్నమ్ సైన్ ఇంజూరియా', 'ఇంజూరియా సైన్ డామ్నో'. సైన్ అంటే లేకుండా. ఇంజూరియా అంటే హక్కుకు తగిలిన దెబ్బ. డామ్నమ్ అంటే నష్టం. నష్టం ఉండి హక్కుకు దెబ్బ తగలకపోతే దావా నిలవదు. హక్కుకు దెబ్బ తగిలితే, నష్టం లేకపోయినా నిలుస్తుంది. 'ఇంజూరియా' ముందుంటే వాదికి గెలుపు. నేను అలాగే గుర్తుపెట్టుకున్నాను.

ఐదోది కొత్త క్రిమినల్ చట్టాలు. దీని దగ్గర కొంచెం ఆగుదాం, ఈ మధ్య మార్కులు ఎక్కువగా పోతున్నది ఇక్కడే. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత, నేర విచారణ పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం బదులు భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి. ఐపీసీలో 511 సెక్షన్లుంటే న్యాయ సంహితలో 358. హత్యకు శిక్ష 302 నుంచి 103కి వెళ్లింది. వరకట్న మరణం 304బి నుంచి 80కి, భర్త, అత్తింటివారి క్రూరత్వం 498ఎ నుంచి 85కి, మోసం 420 నుంచి 318కి మారాయి. 420 అనే నంబరే ఇప్పుడు న్యాయ సంహితలో లేదు. మన మాటల్లో ఫోర్‌ట్వంటీగాళ్లు బతికే ఉంటారు గానీ, చట్టంలో వాళ్ల ఇంటి నంబరు మారిపోయింది.

అసలు ఉచ్చు పాత నంబరే కొత్త చట్టంలో వేరే పనికి వాడిన చోట ఉంటుంది. పాత సీఆర్‌పీసీ 144 నిషేధాజ్ఞలు, ఇప్పుడది 163. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144 అంటే భార్యాపిల్లల మనోవర్తి, అంటే పాత 125. పాత 482 హైకోర్టు స్వతఃసిద్ధ అధికారాలు, ఇప్పుడవి 528. కొత్త 482 ముందస్తు బెయిల్, అంటే పాత 438. ఎఫ్‌ఐఆర్ 154 నుంచి 173కి వెళ్లింది. ఈ ఐదు వరుసలూ రోజూ ఒకసారి చూడకుండా రాయండి. ప్రశ్నలో నంబరు కనిపించగానే జవాబు మీదకు దూకకుండా ముందు చట్టం పేరు చదవండి. మీ దగ్గరున్నది 2024కు ముందు అచ్చయిన పుస్తకమైతే, క్రిమినల్ చట్టాల అధ్యాయం మీద పెన్సిల్‌తో గీత కొట్టి పై నంబర్లు రాసుకోండి. దీని కోసం కొత్త పుస్తకం కొనకండి.

తెలుగులో చదివినవాళ్లకు ఒక మాట. రిట్ల పేర్లు రెండు భాషల్లోనూ పక్కపక్కన రాసుకోండి: హెబియస్ కార్పస్ బందీ ప్రత్యక్ష, మాండమస్ పరమాదేశం, ప్రొహిబిషన్ నిషేధం, సర్షియోరారి ఉత్ప్రేషణ, కో వారంటో అధికార పృచ్ఛ. హాల్లో తెలుగు అనువాదం కొరుకుడు పడకపోతే, అదే ప్రశ్న ఇంగ్లిష్ రూపం కూడా చూడండి. ఇంగ్లిష్ రాదని కళ్లు మూసుకోకండి, ఒక్క మాట తగిలినా దారి దొరుకుతుంది.

4. పార్ట్ ఏ, పార్ట్ బి

కరెంట్ అఫైర్స్‌కు రోజుకు ముప్పావు గంట మించొద్దు. మీరు ఇప్పటికే రాసుకున్న నెలవారీ నోట్స్ చాలు. నియామకాలు, అవార్డులు, క్రీడలు, కొత్త చట్టాలు, రెండు రాష్ట్రాల వార్తలు. మెంటల్ ఎబిలిటీకి రోజూ ఓ పది లెక్కలు, చేయి వేడిగా ఉంచడానికి మాత్రమే. కొత్త రకం లెక్క నేర్చుకునే ప్రయత్నం ఈ వారం వద్దు.

5. మౌస్ పట్టుకుని ఒకసారి రాయండి

ఫోన్లో వందల బిట్లు చేసి, హాల్లో మౌస్ ముందు తడబడినవాళ్లను చూశాను, ముఖ్యంగా వయసులో పెద్దవాళ్లను. లాసెట్ అధికారిక వెబ్‌సైట్‌లో మాక్ టెస్ట్ ఉంటుంది. దాన్ని కంప్యూటర్ మీద, మీ సెషన్ ఏ సమయానికి ఉందో అదే సమయానికి రాయండి. మధ్యాహ్నం సెషన్ వచ్చి, భోంచేశాక కునుకు తీసే అలవాటున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

అక్కడ మూడు సంగతులు చూసుకోండి. ఆప్షన్ నొక్కాక 'సేవ్ అండ్ నెక్స్ట్' కొట్టకుండా పక్కనున్న నంబర్ల పట్టికలోంచి వేరే ప్రశ్నకు దూకితే, జవాబు సేవ్ కాదు. 'మార్క్ ఫర్ రివ్యూ' పెట్టిన ప్రశ్నను ఎలా లెక్కిస్తారో తెర మీద సూచనల్లో రాస్తారు, చదవండి. పట్టికలో ఏ రంగు దేనికో తెలుసుకోండి. పరీక్షలో చివరి రెండు నిమిషాలకు ఆ రంగులే మీకు దిక్కు.

6. 90 నిమిషాలను ముందే పంచుకోండి

సగటున ప్రశ్నకు 45 సెకన్లు. నేను చెప్పే పంపకం ఇది: పార్ట్ సి మొదట, 38 నిమిషాలు. పార్ట్ బి 12 నిమిషాలు. కరెంట్ అఫైర్స్ తెలిస్తే పది సెకన్లు, తెలియకపోతే పది నిమిషాలు చూసినా తెలియదు. పార్ట్ ఏ 28 నిమిషాలు, లెక్కలు ఇక్కడే టైం తింటాయి. మిగిలిన 12 నిమిషాలు వదిలేసినవాటికి. లెక్కల్లో చురుకైనవాళ్లు, "ముందు లెక్కలు చేస్తేనే నాకు ధైర్యం" అనేవాళ్లు వరుస మార్చుకోవచ్చు. ఏ వరుసైనా ముందే రెండుసార్లు రాసి చూసుకున్నదై ఉండాలి. హాల్లో కూర్చున్నాక కొత్త వ్యూహం పెట్టుకోవద్దు.

నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి లాసెట్‌లో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా ఉండకూడదు. మాక్‌లో మీ పట్టికలో జవాబు పెట్టనివి సున్నా కాకపోతే, ఆ మాక్ పూర్తి కానట్టే.

7. క్లాట్ రాసేవాళ్లకు లెక్క వేరు

క్లాట్ అంటే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష. ఇది కాగితం మీద ఓఎంఆర్ పరీక్ష. 120 ప్రశ్నలు, 120 నిమిషాలు, ఇంగ్లిష్‌లో మాత్రమే, తప్పుకు పావు మార్కు కోత. ఇక్కడ పై ఐదు కాగితాల బట్టీ పెద్దగా పనికిరాదు. లీగల్ రీజనింగ్‌లో సూత్రం వాళ్లే ప్యాసేజ్‌లో ఇస్తారు. మీకు తెలిసిన చట్టం దానికి భిన్నంగా ఉన్నా, ఇచ్చిన సూత్రం ప్రకారమే జవాబు పెట్టాలి. బాగా చదివినవాళ్లే ఇక్కడ ఎక్కువ తప్పులు చేస్తారు, విచిత్రం.

గుడ్డిగా ఊహించాలా వద్దా? నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా 16 పెడితే సగటున 4 సరిపోతాయి, 12 పోతాయి. 4 మార్కుల్లో 3 కోత, మిగిలేది 1. ఆ ఒక్కదాని కోసం అంత టైం ఎందుకు? రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే మాత్రం తప్పకుండా పెట్టండి; అలాంటివి 8 పెడితే సగటున 4 సరి, 4 తప్పు, మూడు మార్కులు మిగులుతాయి. బబుల్స్ ఒక్కో ప్యాసేజ్ అవగానే నింపండి. అన్నీ చివర్లో నింపుదామనుకుంటే, ఒక్క వరుస జారినా కింద ఉన్నవన్నీ జారతాయి. చివరి వారంలో రోజూ 30 ప్రశ్నల ప్యాసేజ్‌లు, 30 నిమిషాల్లో, పరీక్ష సమయానికే చేయండి.

8. ముందు రోజు

ఉదయం ఐదు కాగితాలూ ఒకసారి, చూడకుండా. మధ్యాహ్నం ఎర్ర పెన్ను గుర్తులు మాత్రమే. సాయంత్రం ఆరుకు పుస్తకాలు కట్టేయండి. సెంటర్ తెలియని చోటైతే వీలుంటే వెళ్లి చూసి రండి. మ్యాప్‌లో చూసి "తెలిసిపోయింది" అనుకోవద్దు. ఒకే పేరుతో రెండు మూడు బ్రాంచీలున్న కాలేజీలు మన ఊళ్లలో తక్కువేం కాదు. హాల్‌టికెట్ మీది పూర్తి చిరునామా చూడండి. వేలిముద్ర తీసుకునే పరీక్ష కాబట్టి, ఆ వారంలో పెళ్లిళ్లున్నా చేతులకు గోరింటాకు వద్దు.

రాత్రి నిద్ర పట్టకపోతే? ఇదే పెద్ద భయం. ఒక్క రాత్రి నిద్ర తగ్గినంత మాత్రాన చదివింది పోదు. లైటు తీసేసి, కళ్లు మూసుకుని పడుకోండి, గడియారం వైపు చూడకండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. అలవాటు లేని నిద్రమాత్ర ఆ రాత్రి మొదటిసారి వేసుకోవడం మాత్రం చేయొద్దు, మర్నాడు తల దిమ్ముగా ఉంటుంది. నిద్రలేమి, గుండెదడ, ఊపిరాడనట్టు ఉండటం వారాల తరబడి సాగుతుంటే అది పరీక్ష టెన్షన్ మాత్రమే కాకపోవచ్చు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇంట్లోవాళ్లకు కూడా ముందే చెప్పండి: "ఎంత వస్తుందనుకుంటున్నావు?" అని ఆ రోజు అడగొద్దని. ప్రేమతోనే అడుగుతారు, కడుపులో మాత్రం చేయిపెట్టి తిప్పినట్టుంటుంది.

9. ఉదయం, గేటు దగ్గర

రోజూ తినేదే తినండి. ఇడ్లీ అలవాటైతే ఇడ్లీ, మధ్యాహ్నం సెషన్ అయితే పెరుగన్నం. కాఫీ అలవాటు లేనివాళ్లు మెలకువ కోసమని ఆ రోజు మొదలుపెట్టకండి. ఎండాకాలం కాబట్టి నీళ్లు తాగుతూ ఉండండి. ఆలస్యమైతే లోపలికి రానివ్వరు, ఒక్క నిమిషమైనా సరే. హాల్‌టికెట్‌లో ఉన్న రిపోర్టింగ్ సమయానికి అరగంట ముందే గేటు దగ్గర ఉండండి. ఫోన్, స్మార్ట్ వాచ్, క్యాలిక్యులేటర్ ఏవీ లోపలికి పనికిరావు.

గేటు దగ్గర గుంపులుగా నిలబడి ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కుంటుంటారు. "దుర్గం కేసు చూశావా?" అంటాడు ఒకడు. అలాంటి కేసు ఉందో లేదో కూడా తెలియదు, మీకు మాత్రం చెమటలు పడతాయి. అక్కణ్నుంచి పది అడుగులు పక్కకు జరగండి.

10. హాల్లో బుర్ర ఖాళీ అయితే

అవుతుంది. చాలామందికి మొదటి ఐదు నిమిషాల్లోనే. దానికి వరుస ఇది:

చేయి మౌస్ మీంచి తీసేయండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. ఐదుసార్లు. ఒక నిమిషం కూడా పట్టదు. బయటికి వదిలేది పొడవుగా ఉండటమే ఇందులో కిటుకు. పని చేసిందా లేదా అన్నది భుజాలను బట్టి చూసుకోండి. చెవుల దాకా ఎక్కి ఉన్న భుజాలు కిందికి దిగితే చేసినట్టే. దీన్ని ఈ వారమంతా రోజూ మాక్ మొదలుపెట్టే ముందు చేయండి. హాల్లో మొదటిసారి చేస్తే అది కూడా ఇంకో టెన్షన్ అవుతుంది.

తర్వాత కష్టమైన ప్రశ్న వదిలేసి, తెర మీద కళ్లు పరుగెత్తించి, కచ్చితంగా తెలిసిన మూడు ప్రశ్నలు వెతికి పెట్టండి. మూడు పెట్టాక నాలుగోది దానంతట అదే కదులుతుంది. రఫ్ కాగితం ఇవ్వగానే 163-144, 528-482 లాంటి జంటలు ఒక మూలన రాసేసుకోవడం కూడా మంచి పద్ధతి. ఆ నంబర్లను మోసే పని బుర్రకు తప్పుతుంది.

మీకు పేపర్ కష్టంగా ఉంటే పక్కవాళ్లకూ కష్టంగానే ఉంటుంది. వాళ్లు టకటకా క్లిక్ చేస్తున్నారని కంగారుపడకండి, వాళ్లు ఏం నొక్కుతున్నారో మీకు తెలియదు.

జవాబు మార్చే ముందు ఒక్కటి అడుక్కోండి: ఇప్పుడు కొత్తగా ఏదైనా గుర్తొచ్చిందా, లేక ఊరికే అనుమానమా? గుర్తొస్తే మార్చండి. అనుమానమే అయితే మొదట పెట్టిందే ఉండనివ్వండి. చివరి రెండు నిమిషాలు పట్టికలో ఖాళీ రంగులు వెతకడానికే. అన్నిటికీ ఏదో ఒకటి పెట్టాకే చేయి తీయండి.

బయటికొచ్చాక

ఆ రోజు కోచింగ్ సెంటర్లు, యూట్యూబ్ ఛానెళ్లు పెట్టే "కీ"లు చూడకండి. జ్ఞాపకం మీద రాసినవి, వాటిలోనే తప్పులుంటాయి. అధికారిక ప్రాథమిక కీ, దాంతోపాటు మీ రెస్పాన్స్ షీట్ వెబ్‌సైట్‌లో పెడతారు. అప్పుడు రెండూ డౌన్‌లోడ్ చేసి, మొదటి రోజు వేసినట్టే "తె", "జా", "టై" అక్షరాలు వేసుకోండి. కీ తప్పని మీకు గట్టిగా అనిపిస్తే, బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని చట్టం మూల పాఠం)లోని ఆ సెక్షన్ పేజీ జతచేసి అభ్యంతరం పంపండి. గడువు తక్కువ రోజులే ఉంటుంది, రేపు చూద్దామని ఊరుకోకండి. మొన్న రాసిన ఒకమ్మాయి "అంతా పోయింది సార్" అని ఏడుస్తూ వెళ్లి, రెస్పాన్స్ షీట్ చూసుకుని రాత్రి పదకొండుకు ఫోన్ చేసింది. "జా" కింద నాలుగే ఉన్నాయట.